మూడు తరాలయ్యాక భీమవరం తిరిగి వెళ్తే సొంతవాళ్ళుగా చూస్తారా?

క్యాంపు రైతు:
మాది కర్ణాటకలో రాయచూరు జిల్లా సింధనూరు దగ్గర ఒక ఆంధ్రా క్యాంపు, అంటే ఆంధ్ర నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న ఊరు. 1953లో తుంగభద్ర నీళ్ళు వదిలాక, మా తాత భీమవరం పక్కన ఉండి అనే ఊరి దగ్గరున్న ఎకరన్నర అమ్ముకుని వచ్చి ఇక్కడ పదెకరాలు కొన్నాడు. జొన్న తప్ప మరొకటి ఎరగని నల్లరేగడి. చదును చేసి, గట్లు వేసి వరిలోకి దించాడు.

నేను పుట్టిందిక్కడే, చదివింది కన్నడ మీడియమే. అయినా తూము దగ్గర మాట పెరిగితే ఆఖరికి "ఆంధ్రదోరు" (ఆంధ్రావాళ్ళు) అనేస్తారు. మా క్యాంపుకీ పక్క ఊరికీ మధ్య కిలోమీటరు కూడా ఉండదు. మా నాట్లకొచ్చేది ఆ ఊరి ఆడవాళ్ళే. పెళ్ళిళ్ళకి పిలుచుకుంటాం, భోంచేసి వస్తాం, పిల్లనిచ్చి పుచ్చుకోవడం మాత్రం లేదు. సంబంధాలకి ఇప్పటికీ గోదావరి జిల్లాలే.

ఇప్పుడు నాన్న పొలం అమ్మేసి భీమవరంలో స్థలం కొందాం, "మనూరు పోదాం" అంటున్నారు. మొన్న ఆకివీడులో పెళ్ళికెళ్తే మేనత్త కొడుకే నన్ను "మా కర్ణాటక బావ" అని అందరికీ చూపించాడు. ఎగతాళికి కాదులెండి. పైగా ఇక్కడ మాకు 371జె కింద, అంటే ఈ ప్రాంతం వాళ్ళకి చదువుల్లో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఇచ్చే రాజ్యాంగ అధికరణ కింద, లోకల్ సర్టిఫికెట్ ఉంది. పీయూసీ (మన ఇంటర్) చదువుతున్న మా అమ్మాయి అక్కడికెళ్తే నాన్-లోకల్. ఇలా తిరిగి వెళ్ళినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.

వర్ని సెటిలర్:
మాది నిజామాబాద్ జిల్లా అండి. నిజాంసాగర్ కట్టాక కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుటుంబం. రాష్ట్రం విడిపోయేటప్పుడు మా బాబాయి టెన్షన్ పడి గుడివాడ వెళ్ళిపోయారు. మేం ఉండిపోయాం, మమ్మల్నెవరూ ఏమీ అనలేదు. ఆయన్ని అక్కడ "నిజామాబాద్ ఆయన" అంటారు. గౌరవంగానే అంటారు, కాకపోతే సాయంత్రం అరుగు మీద కూర్చుంటే కబుర్లాడే చిన్ననాటి స్నేహితుడు ఒక్కడూ లేడు. రోజూ ఫోన్ చేసి బోధన్‌లో వాన పడిందా అని అడుగుతారు. మీ నాన్నగారిని ముందు ఓ పంట కాలం అక్కడ అద్దెకుండి చూడమనండి.

మాన్వి నుంచి:
అన్నా, కోపం తెచ్చుకోకు. మేం రాయచూరు జిల్లాలో తాతముత్తాతల నుంచీ ఉన్న తెలుగువాళ్ళమే, చివరి ఆయకట్టు. మమ్మల్నెవరూ ఆంధ్రదోరు అనరు. కాబట్టి గొడవ భాష గురించి కాదు. తుంగభద్ర ఎడమ కాలువ కింద ఎక్కువ భాగం జొన్న, పత్తిలాంటి ఆరుతడి పంటలకని లెక్క వేశారు. పైన మీరంతా వరి వేస్తే మా కాలువలో తుమ్మచెట్లు మొలుస్తున్నాయి. నువ్వు తూము దగ్గర వినే మాటలో సగం ఆ మంటే.

క్యాంపు రైతు:
ఒప్పుకుంటా తమ్ముడూ. కానీ ఇప్పుడు మా పక్క ఊరి కన్నడ రైతులు, ఆ గౌడర్లూ వరే వేస్తున్నారు. నీళ్ళు రాలేదని వాళ్ళనెవరైనా తిడితే "దొంగ" అంటారు గానీ, "మీ ఊరికి పో" అనరుగా?

మాన్వి నుంచి:
అదీ నిజమే. వాళ్ళని ఎక్కడికి పొమ్మంటాం!

క్యాంపు రైతు:
వర్ని ఆయన చెప్పిన అద్దె సంగతి నాన్నతో అన్నాను. "అద్దె ఇంట్లో ఉంటే చుట్టాలేమనుకుంటారు" అంటున్నారు. పొలం బేరం మాత్రం ప్రస్తుతానికి ఆగింది. అడిగినాయనది పక్క ఊరే, వాళ్ళ తాత దగ్గరే మా తాత కొన్నాడట. ఎకరానికి ఇంకాస్త తగ్గించమంటున్నాడు.