ప్రైవేటు రైళ్లకు మళ్లీ టెండరు పిలిస్తే మనం ఔననాలా, కాదనాలా?

ఉలవపాడు మామిడి:
ఆదివారం నెల్లూరు నుంచి ఇంటికొస్తుంటే ప్యాసింజర్‌లో ఇద్దరు పెద్దవాళ్లు తెగ వాదించుకున్నారు. బ్రిటన్‌లో ప్రైవేటు కంపెనీలు నడిపే రైళ్లను కొత్త చట్టం కింద ప్రభుత్వం ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటోంది, 2025 మే నెలలో సౌత్ వెస్టర్న్ రైల్వేతో మొదలుపెట్టి. ఒకాయన "చూశావా, వాళ్లే వదిలించుకుంటుంటే మనకెందుకు" అంటాడు. రెండో ఆయన "మనం పెట్టుకుంటే గదా వదిలించుకోవడానికి" అంటాడు. వాళ్లు టంగుటూరు పోయే మనుషులు, నేను మధ్యలో దిగిపోయా. ఎవరు గెలిచారో తెలీదు. అందుకే ఇక్కడ పెడుతున్నా.

మర్చిపోయినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. 2020 జూలైలో మన రైల్వే 109 రూట్లలో 151 రైళ్లు ప్రైవేటుకు ఇస్తామని ప్రకటించింది. 12 క్లస్టర్లు (అంటే రూట్ల గుంపులు), 35 ఏళ్ల ఒప్పందం, 30 వేల కోట్ల పెట్టుబడి అన్నారు. 2023లో రైళ్లు ఎక్కాలి మనం. ఏదీ కదల్లేదు. 2021 జూలైలో టెండర్లు తెరిస్తే మూడు క్లస్టర్లకే ఎవరో ఒకరు వచ్చారు. వచ్చింది ఇద్దరు, అందులో ఒకటి రైల్వే సొంత సంస్థ ఐఆర్‌సీటీసీ, ఇంకొకటి మేఘా. అది కాస్తా రద్దయింది.

మళ్లీ రాదని గ్యారంటీ ఏముంది? వస్తే నేను మాత్రం వద్దనే అంటా. ఆ టెండరులో ఎక్కడ ఆగాలో కంపెనీ ఇష్టం, టికెట్ ఎంతో కంపెనీ ఇష్టం. ఇష్టం వాళ్లదైతే తెట్టు లాంటి చిన్న స్టేషన్లో ఎవడాపుతాడు? తెట్టు దాకా ఎందుకు, సింగరాయకొండలో ఆపుతాడా? కందుకూరు వాళ్లందరికీ దగ్గరి స్టేషన్ అదే.

కావలి కొట్టు:
అన్నా, నీ తెట్టు బాధ అర్థమైంది గానీ, ఆ 151 రైళ్లు ఇప్పుడున్న వాటిని తీసేసి నడిపేవి కాదు. అదనం. దేశంలో తిరిగే రైళ్లలో అవి 5 శాతమే అని అప్పుడే చెప్పారు. నీ ప్యాసింజర్ నీకుంటుంది.

నాది బట్టల కొట్టు. నెలకు రెండుసార్లు చెన్నై, పండగ ముందు సూరత్. తత్కాల్ కోసం పొద్దున ఫోను పట్టుకుని కూర్చుంటే బీపీ వస్తుంది. డబ్బులు పెడతానన్నా సీటు లేదు. రైలు ఎవడు నడిపితే నాకేంది? టైముకు రావాలి, బాత్రూములో నీళ్లు రావాలి. లక్నో–ఢిల్లీ తేజస్ 2019 అక్టోబరులో మొదలైనప్పుడు గంట దాటి ఆలస్యమైతే 100 రూపాయలు, రెండు గంటలు దాటితే 250 ఇస్తామన్నారు. నడిపేది ఐఆర్‌సీటీసీయే అయినా పద్ధతి ప్రైవేటు పద్ధతే. ముప్పై ఏళ్లుగా తిరుగుతున్నా, ఆలస్యానికి నా చేతిలో పైసా పెట్టినవాడు లేడు.

బిట్రగుంట పాతగార్డు:
"అదనం" అనే మాట దగ్గర కాస్త ఆగు నాయనా.

అదనపు బండి గాల్లో పోదు. చెన్నై బండికి, తిరుపతి బండికి, బొగ్గు బండికి, అన్నింటికీ ఈ విజయవాడ–గూడూరు లైనే దిక్కు. అందుకే మూడో లైను వేయాల్సి వచ్చింది. ఆ టెండరు షరతుల్లో ప్రైవేటు రైలు 95 శాతం టైము పాటించాలి, లేకుంటే జరిమానా. జరిమానా కట్టేవాడు ఊరుకుంటాడా? "నా బండి ఆగింది మీ సిగ్నల్ వల్ల" అని లెక్క తీస్తాడు. ఆ తలనొప్పి వద్దనుకుంటే బండ్లను వదిలే కంట్రోలు ఆఫీసు ఏం చేస్తుంది? వాడి బండిని ముందు వదిలి, ప్యాసింజర్‌ను తలమంచిలోనో అల్లూరు రోడ్డులోనో లూప్‌లో, అంటే పక్క పట్టాల మీద, పెడుతుంది. ముప్పై నాలుగేళ్లు లూపుల్లో కూర్చుని ఫ్లాస్కు కాఫీ తాగినవాణ్ని, ఆ వరస నాకు తెలుసు. ఉలవపాడు అబ్బాయి ప్యాసింజర్ పోదు, నిజమే. ఎప్పుడొస్తుందో మాత్రం అడగకూడదు.

ఇంకోటి. "ప్రైవేటు రైలు" అనే పేరే సగం అబద్ధం. డ్రైవరు, గార్డు రైల్వే మనుషులే. పట్టాలు, కరెంటు తీగ, సిగ్నల్, స్టేషన్ అన్నీ రైల్వేవే. కంపెనీ రైలు కొనుక్కోవాలి, బాగుచేసుకోవాలి. పట్టాల మీద నడిపినందుకు హాలేజీ చార్జీ కట్టాలి, కరెంటుకు కట్టాలి, ఆపైన వసూళ్లలో వాటా ఇవ్వాలి. వాటా ఎక్కువ ఇస్తానన్నవాడికే దక్కేలా వేలంపాట. తేడా వస్తే తీర్పు చెప్పడానికి మూడో మనిషి, అంటే రెగ్యులేటర్, లేడు. ఒప్పందం రాసేదీ, పట్టాలు ఇచ్చేదీ, పోటీ బండి నడిపేదీ రైల్వేయే. 2015లో రైల్వే సంస్కరణల మీద వేసిన బిబేక్ దేబ్రాయ్ కమిటీ ప్రైవేటును రానివ్వమంది, దాంతోపాటే స్వతంత్ర రెగ్యులేటర్‌ను పెట్టమని కూడా చెప్పింది. మనవాళ్లు రెండోది వదిలేసి మొదటిది పట్టుకున్నారు. అంబానీలైనా అలాంటి పంచాయితీకి ఎందుకొస్తారు?

నిర్వాహకుడు:
పార్టీలను తిట్టిన రెండు వ్యాఖ్యలు తీసేశాను. రైళ్ల మీద మాట్లాడండి.

పొదలకూరు నిమ్మ:
పదకొండేళ్లుగా ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊళ్లో ఉంటున్నా, కాబట్టి బ్రిటన్ సంగతి నేను చెబుతా.

ఇక్కడ 1993లో చట్టం చేసి పట్టాలు ఒక కంపెనీకి, రైళ్లు ఇంకొన్ని కంపెనీలకు విడగొట్టారు. 1996 నుంచి ఒక్కో ప్రాంతం ఫ్రాంచైజీని, అంటే అక్కడ రైళ్లు నడిపే హక్కును, వేలం వేశారు. ప్రభుత్వానికి ఎక్కువ కట్టేవాడికో, తక్కువ సబ్సిడీ అడిగేవాడికో ఇచ్చేవాళ్లు. లండన్ నుంచి ఎడిన్‌బరా పోయే ఈస్ట్ కోస్ట్ లైను కథ వినండి. 2005లో జీఎన్ఈఆర్ అనే కంపెనీ పదేళ్లకు 130 కోట్ల పౌండ్లు ఇస్తానని పాడింది. 2006 చివరికే చేతులెత్తేసింది. మళ్లీ పాట. 2007లో నేషనల్ ఎక్స్‌ప్రెస్ 140 కోట్ల పౌండ్లు పాడింది. 2009లో అదీ పోయింది. ప్రభుత్వం కొన్నేళ్లు తనే నడిపి, 2015లో స్టేజ్‌కోచ్, వర్జిన్ కలిసి 330 కోట్లు ఇస్తామంటే మళ్లీ ఇచ్చింది. 2018 జూన్‌లో అదీ వెనక్కే. అదే లైను, మూడుసార్లు.

పశ్చిమం వైపు లైను ఇంకా చోద్యం. 2012 ఆగస్టులో ఫస్ట్‌గ్రూప్ గెలిచిందన్నారు. అప్పటిదాకా నడుపుతున్న వర్జిన్ కోర్టుకెక్కింది. అక్టోబరు 3న ప్రభుత్వమే "మా లెక్క తప్పు" అని మొత్తం రద్దు చేసింది. పాడినవాళ్ల ఖర్చులు తిరిగి ఇవ్వడానికే దాదాపు 4 కోట్ల పౌండ్లు. తప్పు ఎక్కడంటే, కంపెనీ మునిగితే ప్రభుత్వానికి నష్టం రాకుండా ఎంత డబ్బు హామీగా పెట్టాలి అన్న లెక్కలో.

అయితే మామిడి అన్న భయం ఇక్కడ అంతగా నిజం కాలేదు. ఏ స్టేషన్లో రోజుకు కనీసం ఎన్ని రైళ్లు ఆగాలో ఒప్పందంలోనే రాసేవాళ్లు. సీజన్ టికెట్ ధర కూడా ప్రభుత్వం చెప్పిన హద్దు దాటకూడదు. చిన్న స్టేషన్ బతికింది. బతకనిది ఆ వేలం లెక్క.

రొయ్యల గుంట:
ఈ కథ ఇంగ్లండ్ దాకా పోయి వినాలా అబ్బా? మా అల్లూరు పక్కకు రండి.

రొయ్యల గుంట లీజుకు పాట పెడతారు. అంతకుముందు ఏడాది రొయ్యకు మంచి రేటు పలికి ఉంటుంది. ఒకడు వస్తాడు, ఎకరాకు అందరికంటే పైన పాడతాడు. రేటు అట్టనే ఉంటుందని, తెల్లమచ్చ జబ్బు రాదని, కరెంటు పోదని, అన్నీ కలిసొస్తాయని లెక్క వేసుకుని పాడతాడు. జాగ్రత్తగా పాడినవాడికి గుంట రాదు. అంటే పాట పద్ధతే అతి ఆశపోతును వెతికి పట్టుకుని గుంట అప్పజెప్పేలా ఉంటుంది. రేటు పడిందంటే రాత్రికి రాత్రి ఏరియేటర్లు ఎత్తుకుని పోతాడు. గట్టున నిలబడేది భూమి గలాయన.

గుంటనైతే ఒక పంట ఖాళీగా వదిలేయొచ్చు. రైలు ఒక్కరోజు ఆపగలవా? ఆ సంగతి పాడేవాడికీ తెలుసు.

కావలి కొట్టు:
ఒప్పుకుంటా, పాట అట్టా పెట్టకూడదు. కానీ నిమ్మ తమ్ముడు సగమే చెప్పాడు. బ్రిటన్‌లో 1994-95లో ఏడాదికి 73 కోట్ల ప్రయాణాలు, 2018-19 నాటికి 175 కోట్లు. రెట్టింపు దాటింది. రైళ్లు అంత దరిద్రంగా ఉంటే జనం ఎందుకెక్కారు?

డబ్బు సంగతి కూడా చూడాలి. మనం వంద రూపాయల ప్రయాణానికి 57 రూపాయలే కడుతున్నామని రైల్వే టికెట్ మీదే అచ్చేసి చూపించింది. మిగతాది సరుకు రవాణా మోస్తోంది. మన పక్కనే కృష్ణపట్నం–ఓబులవారిపల్లె లైను వేసింది ప్రత్యేకంగా పెట్టిన కంపెనీ, అందులో పోర్టుకూ వాటా ఉంది. ఆరున్నర కిలోమీటర్ల సొరంగం తవ్వారు. 2019 నుంచి నడుస్తోంది. బయటి డబ్బు రాకపోతే అది ఏనాటికయ్యేదో.

పొదలకూరు నిమ్మ:
జనం పెరిగిన మాట నిజమే, దాచలేదు అన్నా. ఉద్యోగాలు పెరిగాయి, రోడ్లు నిండిపోయాయి, కంపెనీలు రైళ్లూ పెంచాయి. అందులో ఎవరి వాటా ఎంత అని ఇక్కడ ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. కానీ పట్టాలు కూడా ప్రైవేటు కంపెనీ రైల్‌ట్రాక్‌కు ఇచ్చారు కదా, 2000 అక్టోబరు 17న హాట్‌ఫీల్డ్ దగ్గర పగిలిన పట్టా మీద రైలు పడిపోయి నలుగురు చనిపోయారు. ఏడాది తిరక్కుండా ఆ కంపెనీ దివాలా దారి పట్టింది. పట్టాలు మళ్లీ ప్రజల చేతికే వచ్చాయి. కోవిడ్‌లో రైళ్లు ఖాళీ అయ్యాక 2020 సెప్టెంబరులో ఫ్రాంచైజీ పద్ధతికే మంగళం పాడారు.

బిట్రగుంట పాతగార్డు:
కావలి అబ్బాయ్, బొగ్గు టికెట్ రేటు పెరిగిందని ఏడవదు. సరుకు లైనునీ, జనం ఎక్కే బండినీ ఒక గాటన కట్టొద్దు.

కనిగిరి నుంచి:
మీరందరూ హాల్ట్ పోతుందని ఏడుస్తున్నారు. మాది ఇంకో ఏడుపు. నడికుడి–శ్రీకాళహస్తి లైను 309 కిలోమీటర్లు, 2011-12లో మంజూరైంది. దర్శి, పొదిలి, కనిగిరి, పామూరు, వింజమూరు, ఆత్మకూరు, రాపూరు, వెంకటగిరి అని పేర్లు చదువుకుంటూ పెద్దవాళ్లమైపోయాం. లైను ఇంకా పూర్తి కాలేదు. ఈ మెట్ట ప్రాంతానికి ఏ ప్రైవేటువాడూ పాడడు, ఆ 109 రూట్లు ఏరిందే గిరాకీ చూసి. ప్రభుత్వమే వేయాలి, ప్రభుత్వమే నడపాలి. మీ చర్చ మీరు కానీయండి.

ఉలవపాడు మామిడి:
కనిగిరి అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు.

కావలి అన్నకు ఒకటి. నువ్వు చెప్పే సీటు దొరకడం సంక్రాంతి ముందు ప్రైవేటు బస్సుల్లో చూస్తున్నాం గదా. సీటు దొరుకుతుంది, మామూలు రోజు ధరకు మూడింతలు పెడితే. పోయిన జనవరిలో హైదరాబాద్ నుంచి మా తమ్ముడు, మరదలు, పిల్లాడు రావడానికి అయిన డబ్బుతో ఇక్కడ పండగే చేసుకోవచ్చు. వృద్ధుల రాయితీ రైల్వేలోనే 2020 మార్చి నుంచి ఎత్తేశారు. ఇక కంపెనీ ఇస్తుందా?

అద్దెబస్సు:
చాలాసేపు చదివి ఊరుకున్నా. నాది ఆర్టీసీకి తిప్పే అద్దె బస్సు, అందుకని ఒక మాట.

ప్రైవేటు ట్రావెల్స్ బస్సూ ప్రైవేటుదే, నా బస్సూ ప్రైవేటుదే. కానీ నా బస్సెక్కే ముసలమ్మకు ఆ సంగతే తెలీదు. ఎందుకంటే బస్సు నాది, డ్రైవరు నా మనిషి, రిపేరు నాది. కండక్టరు, టికెట్ రేటు, రూటు, స్టాపు, టైము ఆర్టీసీవి. వసూలైన డబ్బు ఆర్టీసీకి పోతుంది. నాకు కిలోమీటరుకు ఇంత అని లెక్క. సీట్లు నిండినా, ఖాళీగా పోయినా నాకొచ్చేది అదే. కాబట్టి ఊరి బయట స్టాపులో ఒక్క మనిషి చెయ్యెత్తినా ఆపడానికి నాకు బాధ లేదు. ట్రావెల్స్‌వాడికి ఆ ఒక్క మనిషి కోసం ఆపితే డీజిలు దండగ. వాడు చెడ్డవాడని కాదు, వాడి సంపాదన అట్టా కట్టి ఉంది.

2020 టెండరులో రేటూ, స్టాపూ కంపెనీకి ఇచ్చారు. అంటే ట్రావెల్స్ పద్ధతి. వసూళ్ల మీద పాట పెట్టారు, అంటే గుంట పద్ధతి. నా పద్ధతిలో ఎందుకు పెట్టలేదు?

పొదలకూరు నిమ్మ:
అన్నా, లండన్‌లో సరిగ్గా ఇదే ఉంది. లండన్ ఓవర్‌గ్రౌండ్ అని, 2007 నుంచి. నడిపేది ప్రైవేటు కంపెనీ. టికెట్ రేటు, టైంటేబుల్, వసూళ్లు నగర రవాణా సంస్థవి. కంపెనీకి నడిపినందుకు డబ్బు, ఆలస్యమైతే కోత. దేశమంతా ఫ్రాంచైజీలు కూలుతున్నప్పుడు కూడా ఇది నడిచింది.

ఉలవపాడు మామిడి:
అట్టా అయితే నా "వద్దు"ను కాస్త మార్చుకోవాలి. స్టాపు, రేటు మన చేతిలోనే ఉంటే నడిపేవాడి చొక్కా ఏ రంగైనా నాకు అభ్యంతరం లేదు. కానీ పాతగార్డు గారు చెప్పిన లూప్ సంగతి అలాగే ఉంది. మూడో లైను మొత్తం అందుబాటులోకి రాకుండా ఏ అదనపు రైలుకూ నేను ఒప్పుకోను, అది వందే భారత్ అయినా సరే.

బిట్రగుంట పాతగార్డు:
ఒప్పందం ఎవరు రాసినా సింగరాయకొండలో రెండు నిమిషాలు అని రాయండి. ఒక నిమిషం అని రాస్తే మూటలతో వచ్చే ఆడవాళ్లు ఎక్కలేరు.

కావలి కొట్టు:
అద్దెబస్సు అన్నా, నీ పద్ధతిలో టెండరు పెడితే కంపెనీకి మిగిలేదేముంది? వందల కోట్లు పెట్టి రైళ్లు కొని, కిలోమీటరు కూలీకి ఎవడొస్తాడు?

అద్దెబస్సు:
లాభం తక్కువ, టెన్షన్ కూడా తక్కువ, కాబట్టి వచ్చేవాడు వస్తాడు. నేను బస్సు కొన్నది బ్యాంకు అప్పుతోనే. రైలుకైనా అంతే, నెల బిల్లు నెలలో పడుతుందని రాసిస్తే బ్యాంకు అప్పిస్తుంది. రాసివ్వకపోతే నేను బస్సే తిప్పుకుంటా.