కొత్త స్మోకర్‌కి ఏమేం కొనాలి, ఏవి దండగ? వాడినవాళ్లు చెప్పండి

కొత్తనిప్పు:
అందరికీ నమస్తే. మాంసాన్ని పొగలో మెల్లగా వండే స్మోకర్ కొన్నా, బొగ్గులతో నడిచే నిలువుది, పోయిన వారం వచ్చింది, ఇంకా ముట్టించలేదు. దీనికి తోడు ఏం కావాలా అని వెతుకుతూ కూర్చుంటే కార్ట్‌లో పద్నాలుగు ఐటమ్స్ చేరాయి. ఉడికిన మాంసం చీల్చే ఎలుగుబంటి పంజా లాంటి గోళ్లు, గ్లౌజులు, స్ప్రే సీసా, రెండు రకాల చెక్క చిప్స్, రిబ్స్ నిలబెట్టే స్టాండు, వైర్ బ్రష్, కవరు, మిగతావి నాకే గుర్తులేవు. అన్నీ కొంటే స్మోకర్‌ని మించిపోయేలా ఉంది బిల్లు. నిజంగా చేతిలో ఉండేవి ఏవి, అటకెక్కేవి ఏవి? థర్మామీటర్ మాత్రం అక్కర్లేదనుకుంటున్నా, మూతకే ఒకటి బిగించి ఇచ్చారు.

నిదానం:
హహ, పద్నాలుగు పెట్టి అసలుది వదిలేశావు తమ్ముడూ. మూత మీది ముల్లు చెప్పేది మూత దగ్గరి వేడి. మాంసం ఉండేది కింద జాలీ మీద. నా దాంట్లో ఈ రెండిటికీ 20 డిగ్రీల సెల్సియస్ దాకా తేడా వస్తుంది. మొదటి రెండు నెలలు ఆ ముల్లునే నమ్మి 110 అనుకుంటూ 90లో వండా, పొద్దున ఆరింటికి పెట్టిన పోర్క్ షోల్డర్ (పంది భుజం ముక్క) రాత్రి పదకొండైనా మెత్తబడలేదు, వచ్చిన చుట్టాలు వేరే ఏదో తినేసి వెళ్లిపోయారు, నేను మాత్రం కుర్చీలో కూర్చుని ముల్లు వైపు చూస్తూ ఉన్నా.

రెండు ప్రోబులు, అంటే వేడి కొలిచే ములుకులు, ఉన్న థర్మామీటర్ తీసుకో. ఒకటి మాంసంలో బాగా మందంగా ఉన్నచోట, ఎముకకి తగలకుండా. రెండోది క్లిప్పుతో జాలీకి, మాంసానికి రెండంగుళాలు ఎడంగా. మరీ ఆనించి పెట్టావంటే చల్లటి మాంసం పక్కన ఉండి తక్కువ చూపిస్తుంది, నువ్వేమో వేడి చాలట్లేదని గాలి కన్నం తెరుస్తావు, ఇక అంతే.

బొగ్గులబాబు:
నిదానం గారు చెప్పినదానికి నా ఓటు. కొన్నాక ఒకసారి టెస్ట్ చేసుకో. గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐసు వేసి, సందులు నిండేదాకా నీళ్లు పోసి, బాగా తిప్పి ప్రోబ్ మధ్యలో ఉంచితే 0 చూపించాలి. అడుగుకి, అంచుకి తగలనివ్వకు. మరిగే నీళ్ల టెస్ట్ కూడా ఉంది కానీ ఎత్తైన ఊళ్లో ఉంటే నీళ్లు 100 కంటే ముందే మరుగుతాయి, దాదాపు 300 మీటర్లకి ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది, లెక్కలెందుకు, ఐసే నయం.

సండేకుక్:
వైర్ లేని ప్రోబులు వచ్చాయి కదా, అవి ఎలా ఉన్నాయి? వైర్లు మూతలో ఇరుక్కుంటాయని అవే కొందామనుకుంటున్నా.

నిదానం:
చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి అక్కా. కానీ ఇనుప డబ్బాలో పెట్టి మూతేసి, మధ్యలో ఇంకో గోడ కూడా ఉంటే బ్లూటూత్ సిగ్నల్ పడిపోతుంది. సిగ్నల్ అందుకుని ముందుకు పంపే రిపీటర్ డబ్బాని స్మోకర్ పక్కనే పెట్టి దాన్ని వైఫైకి కలిపేవి అయితే ఫర్వాలేదు. ఇంకోటి, ప్రోబ్ తట్టుకునే వేడి ఎంతో చదివి కొనండి. నేరుగా మంట తగిలితే పోతాయి. నాది మాత్రం ఇప్పటికీ వైర్లదే, పాతబడినా ప్రోబ్ ఒక్కటే మార్చుకుంటే సరిపోతుంది.

కొత్తనిప్పు:
సరే, థర్మామీటర్ ఎక్కించా. పదిహేను అయ్యాయి :( గ్లౌజుల సంగతేంటి, వంటింట్లో మందపాటి గుడ్డ ఉంది, చాలదా?

మసిగుడ్డ:
చాలదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏంటో నాకు అక్షరాలా తెలుసు. ఊలు అల్లిక లాంటి గ్లౌజులు ఉండేవి నా దగ్గర, వేడి తట్టుకుంటాయని డబ్బా మీద రాసుంది, తట్టుకుంటాయి కూడా, కాకపోతే పొడిగా ఉన్నంతసేపే. ఆరోజు నీళ్ల గిన్నె కొంచెం ఒలికి కుడి గ్లౌజు వేళ్ల దగ్గర తడిసింది, అది గమనించకుండా మరుక్షణం నిప్పుల బుట్ట కడ్డీ పట్టుకున్నా, గుడ్డలో ఉన్న నీళ్లు ఆవిరైపోయి లోపలే తిరిగాయి, విదిలిస్తే ఊడి రాదు, నాలుగు వేళ్లకి బొబ్బలు. అప్పట్నుంచి రెండు జతలు. నిప్పులు, ఇనుము ముట్టుకోడానికి మోచేతి దాకా వచ్చే తోలువి. మాంసం ఎత్తడానికి లోపల పల్చటి నూలు గ్లౌజులు, వాటి మీద వాడి పారేసే పల్చటి రబ్బరు లాంటి నైట్రైల్‌వి, ఇవి నిప్పుకి కాదు, ఉడికిన ముక్క పట్టుకోడానికే. ఈ జత ఉంటే నువ్వు చెప్పిన ఎలుగుబంటి గోళ్లు అక్కర్లేదు, సరిగ్గా ఉడికిన షోల్డర్ చేత్తోనే విడిపోతుంది, విడిపోలేదంటే ఇంకా ఉడకలేదని.

బొగ్గులబాబు:
గోళ్లు నా దగ్గర ఉన్నాయి. పిల్లలు భయపెట్టుకోడానికి వాడుతున్నారు.

నా లిస్టులో థర్మామీటర్ తర్వాత బొగ్గులు అంటించే చిమ్నీ. గొట్టంలా ఉంటుంది, కింద రెండు కాగితాలు నలిపి పెట్టి పైన బొగ్గులు నింపి అంటిస్తే 15 నుంచి 20 నిమిషాల్లో పై బొగ్గుల అంచులు బూడిద రంగుకి తిరుగుతాయి, అప్పుడు పోసుకోవడమే. కిరసనాయిలు లాంటివి పోసే పని ఉండదు, ఆ వాసన మాంసానికి పడితే వదలదు. ఒక్క జాగ్రత్త, ఎక్కువసేపు వండేటప్పుడు నింపిన చిమ్నీ అంతా ఒకేసారి కుమ్మరించకు. బుట్టలో ముందు చల్లటి బొగ్గులు పోసి, నడిమధ్యలో గుంట చేసి ఓ పది పన్నెండు అంటుకున్నవి పెడితే నిప్పు మెల్లగా పాకుతూ గంటల తరబడి నడుస్తుంది. దీన్నే మినియన్ పద్ధతి అంటారు.

సండేకుక్:
చిప్స్ గురించి ఎవరూ చెప్పలేదు. నేను ఎప్పుడూ అరగంట నానబెట్టే వేస్తా, లేకపోతే భగ్గున మండిపోతాయి.

నిదానం:
ఇక్కడ మాత్రం ఒప్పుకోను అక్కా. ఓసారి రాత్రంతా నానబెట్టిన పెద్ద ముక్కని పొద్దున గొడ్డలితో చీల్చి చూశా. పైన గోటి మందం తడి, లోపల ఖంగుమనేంత పొడి. ఆ పైతడి ఆవిరయ్యేదాకా చెక్క పొగ వెయ్యదు, పైగా నిప్పు చల్లారుతుంది. మీరు చూస్తున్న తెల్లటిది సగం నీటి ఆవిరే. చిప్స్ భగ్గుమంటున్నాయంటే బొగ్గుల స్మోకర్‌కి చిప్స్ కాదు, పిడికిలంత చంక్స్ కొనాలని అర్థం. మూడు నాలుగు ముక్కలు బొగ్గుల మధ్య అక్కడక్కడా పెడితే ఒకటి అయ్యాక ఒకటి అంటుకుంటాయి.

సండేకుక్:
నాది కరెంటు స్మోకర్ అండీ, చిన్న ట్రే, చంక్ పట్టదు.

నిదానం:
ఓ, అది ముందే అడగాల్సింది. దానికి చిప్సే, పొడివే కొంచెం కొంచెంగా వేసుకోండి. లేదంటే కన్నాల స్టీల్ గొట్టం దొరుకుతుంది, అందులో పెల్లెట్లు (చెక్కపొడి గుళికలు) నింపి ఒక చివర బాగా అంటించి, మంట ఆర్పి రాజేసి వదిలితే పన్నెండంగుళాలది నాలుగు గంటల పైనే పొగ వేస్తుంది.

చెక్క ఏదైనా గట్టి జాతిదై ఉండాలి, ఓక్, హికరీ, యాపిల్, చెర్రీ ఏదో ఒకటి. పైన్ లాంటి జిగురు చెక్క వద్దు, రంగులేసిన పాత ఫర్నిచర్ అసలే వద్దు. పొగ సన్నగా, నీలంగా, కనీకనపడకుండా ఉంటే మంచిది. దట్టంగా తెల్లగా గంటల తరబడి వస్తే మాంసం చేదెక్కుతుంది, నాలుక మీద తిమ్మిరిలా తెలుస్తుంది.

ఊరికేచదువుతా:
రెండేళ్లుగా చదవడమే తప్ప రాయలేదు, వైర్ బ్రష్ అని చూసి రాస్తున్నా. వద్దు బ్రో. దాని సన్నటి తీగలు ఊడి జాలీకి అంటుకుని తిండిలోకి వస్తాయి. గొంతులో, పేగుల్లో గుచ్చుకున్న కేసుల మీద 2012లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ రిపోర్టు కూడా ఇచ్చింది. జాలీ వేడిగా ఉన్నప్పుడు ఫాయిల్ ఉండ చేసి పట్టకారుతో రుద్దితే చాలు, ఆ తర్వాత తడిగుడ్డతో ఒక తుడుపు.

మసిగుడ్డ:
జాలీ మాట వచ్చింది కాబట్టి, అదనపు అర కోసం ఏదో పాత రాక్ తెచ్చి పెట్టకండి. తళతళలాడే జింకు పూత ఉన్నవి బాగా వేడెక్కితే ఆ పొగ మంచిది కాదు. స్టీల్‌ది, స్మోకర్ వ్యాసానికి సరిపోయేది కొలిచి మరీ కొనండి, నేను కొలవకుండా కొన్న జాలీ మీద ఇప్పుడు పూలకుండీ ఉంది.

కవరు కొను కానీ చల్లారాకే, లోపల బూడిద తీసాకే వెయ్యి. బూడిద తేమ పీల్చుకుని అడుగు తుప్పు పట్టిస్తుంది, జిడ్డు మిగిలితే బూజు. ఆ బూడిదకి మూతున్న ఇనుప డబ్బా ఒకటి పెట్టుకో. పైకి చల్లగా కనపడినా లోపల నిప్పు మర్నాటి దాకా ఉంటుంది. వాన పడుతోందని స్మోకర్‌ని వరండా లోపలికో గ్యారేజీలోకో లాగకు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

కొత్తనిప్పు:
అందరికీ థాంక్స్. కార్ట్‌లో ఇప్పుడు ఐదే ఉన్నాయి: థర్మామీటర్, చిమ్నీ, రెండు రకాల గ్లౌజులు, చిప్స్ తీసేసి చంక్స్. స్ప్రే సీసా ఇంట్లో ఖాళీది ఉంది. మధ్యలో మాంసానికి చుట్టే కాగితం కూడా కొనాలా?

బొగ్గులబాబు:
మొదటిసారికి ఫాయిల్ చాలు. కాగితం కొంటే మైనం, ప్లాస్టిక్ పూత లేనిదే చూడు, పూత ఉన్నది కరిగి మాంసానికి పడుతుంది. ఎందుకు చుడతారంటే, 65 నుంచి 75 డిగ్రీల మధ్య ఎక్కడో ఓచోట మాంసం లోపలి వేడి ఆగిపోతుంది, గంటలు గంటలు కదలదు. థర్మామీటర్ పోయిందనుకుని కంగారు పడకు, మాంసం చెమట పట్టి ఆ చెమటే చల్లబరుస్తోంది. చుడితే ఆ ఆవిరి ఆగుతుంది, మళ్లీ కదులుతుంది. ఫాయిల్ తొందరగా లాగేస్తుంది కానీ పైన గట్టిపడిన బెరడు లాంటి పొర మెత్తబడుతుంది, కాగితం కొంచెం ఊపిరాడనిస్తుంది.

కొత్తనిప్పు (రెండు వారాల తర్వాత):
వండా! షోల్డర్, పదకొండు గంటలు. 71 దగ్గర రెండున్నర గంటలు ఆగింది, బొగ్గులబాబు గారు చెప్పకపోయుంటే ఆ థర్మామీటర్ వాపసు పంపేసేవాణ్ణి. చుట్టాక మళ్లీ ఎక్కింది, 95లో తీసి తువ్వాలు చుట్టి ఐసు పెట్టెలో (ఐసు లేకుండా) గంట ఉంచా, ఎముక దానంతటదే జారి వచ్చింది. మూత ముల్లు రోజంతా 18 డిగ్రీలు ఎక్కువ చూపించింది, నిదానం గారికి దండం.

ఒక్క సమస్య. రాత్రి గిన్నెలతో పాటు ప్రోబులు కూడా సింకులో వేశా. పొద్దున ఆన్ చేస్తే మాంసం ప్రోబ్ 141 అంటోంది, అది టేబుల్ మీద ఉంది.

నిదానం:
అయ్యో. ములుకు, వైరు కలిసేచోట నీళ్లు దిగి ఉంటాయి. తడిగుడ్డతో తుడవాలి కానీ ముంచకూడదు, ఇది ముందే చెప్పాల్సింది నేను. రెండ్రోజులు బాగా ఆరనిచ్చి ఐసు గ్లాసులో పెట్టి చూడు, 0 చూపిస్తే బతికినట్టే.

కొత్తనిప్పు:
మూడు రోజులు ఆరబెట్టా. ఐసులో 36.

బొగ్గులబాబు:
జ్వరం లేదన్నమాట. ప్రోబ్ ఒక్కటే విడిగా అమ్ముతారు, రెండు తెప్పించుకో, ఒకటి సొరుగులో పడుంటుంది.