మెమోరియల్ ట్యాంకుకి కొత్త రంగు ముందా, అది ఏ ట్యాంకో తేల్చడం ముందా?

ఉక్కుబండి:
నా వాదన ముందే చెప్పేస్తా. యుద్ధం నాటి ట్యాంకుని దిమ్మెక్కించి స్మారకం అన్నాక, దాని మీద ఒక్క కోటు పెయింటు పడేలోపే అది ఏ మోడలు, ఏ ఫ్యాక్టరీది, వీలైతే ఏ యూనిట్‌ది అన్నది తేల్చాలి. వార్షికోత్సవం దగ్గరపడిందని హడావిడిగా గీకేసి ఆకుపచ్చ రంగు కొట్టి తెల్ల నక్షత్రం వేసి ఎవరికో గుర్తున్న నంబరు రాసేస్తే అసలు ఆధారం పోతుంది, మళ్ళీ రాదు. చెక్ రాజధాని ప్రాగ్ సంగతి చూడండి. 1945 మే 9న ఊళ్ళోకి ముందుగా వచ్చింది సోవియట్ లెఫ్టినెంట్ ఇవాన్ గోంచరెంకో నడిపించిన టీ-34 ట్యాంకు, నంబరు 24, ఆయన అక్కడే చనిపోయాడు. అదే జూలైలో స్మారకంగా నిలబెట్టింది మాత్రం ఐఎస్-2, అంటే వేరే రకం బరువు ట్యాంకు, పైగా దాని మీద రాసింది 23. దశాబ్దాల పాటు జనానికి చెప్పింది మాత్రం ఇదే మొదట వచ్చిన ట్యాంకు అని. ప్రాణం పోగొట్టుకున్న మనిషి బండి నంబరు కూడా సరిగ్గా రాయని స్మారకం ఎవరికి గౌరవం?

పూలదండ:
ఉక్కుబండి గారూ, మీ బాధ అర్థమైంది కానీ నేను ఒప్పుకోను. స్మారకం మ్యూజియం కాదండీ. అక్కడికొచ్చి నిలబడే మనవడికి అది అమెరికా షెర్మన్ ట్యాంకుల్లో ఎం4ఏ2 మోడలా ఎం4ఏ3 మోడలా అన్నది కాదు కావాల్సింది, తాత ఇలాంటి దాంట్లో కూర్చుని పోరాడాడు అని తెలిస్తే చాలు. మీరు చెప్పిన ప్రాగ్ ట్యాంకుకే 1991లో డేవిడ్ చెర్నీ అనే కళాకారుడు గులాబీ రంగు వేస్తే దేశమంతా గొడవైంది కదా, అది మోడల్ తప్పనా? ఆ ట్యాంకు విముక్తికి గుర్తా, తర్వాతొచ్చిన పెత్తనానికి గుర్తా అన్నదాని మీద. రంగు వెలిసి తుప్పు కారుతూ నిలబడ్డ ట్యాంకు చనిపోయినవాళ్ళకి అవమానం, పరిశోధన అయ్యేదాకా ఏళ్ళ తరబడి అలా వదిలెయ్యమంటారా?

గొలుసుచక్రం:
ఏళ్ళ తరబడి ఎందుకండీ, షెర్మన్ అయితే ఓపికున్న ఇద్దరు మనుషులకి ఒక్క రోజు పని. ముందు హల్, అంటే ట్యాంకు కింది మొండెం చూడండి, మూలలన్నీ గుండ్రంగా పోతపోసినట్టు ఉంటే ఎం4ఏ1, పలకలు వెల్డింగ్ చేసి ఉంటే మిగతావి. ముందు పలక 56 డిగ్రీల వాలులో ఉంటే పాతది, 47 డిగ్రీలైతే తర్వాతది. బోగీల (కింది చక్రాల జతల) మధ్య ఎడం ఎక్కువగా ఉంటే దాదాపు ఎం4ఏ4నే, ఎందుకంటే దాంట్లో క్రైస్లర్ వాళ్ళు ఐదు కారు ఇంజన్లు కలిపి 30 సిలిండర్లది ఒకటి పెట్టారు, అది పట్టక హల్ సాగదీశారు, అవి మొత్తం 7,499 చేశారు. వెనక ఇంజను మూత జాలీలు చూస్తే ఎం4ఏ2 డీజిలా, ఎం4ఏ3 ఫోర్డ్ వీ8నా అన్నది తెలిసిపోతుంది. టరెట్ (ఫిరంగి ఉండి తిరిగే పైభాగం) మీదా, ముందు ట్రాన్స్‌మిషన్ కవర్ మీదా ఫౌండ్రీ గుర్తులు, పార్ట్ నంబర్లు ఉబ్బెత్తుగా పోతలోనే ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యం సీరియల్ నంబరు, వెనకాల టోయింగ్ లగ్గుల (బండిని లాగడానికి కట్టే కొక్కేల) మీద పంచ్ చేసి ఉంటుంది, తర్వాతి వాటికి ముందు లగ్గుల మీద కూడా. దాని మీదే పదిహేను పొరల పెయింటు గడ్డకట్టి ఉంటుంది కాబట్టి ఎవరికీ కనపడదు. ఆ పెయింటుని రసాయనంతో మెల్లగా తియ్యాలి, శాండ్‌బ్లాస్టింగ్ గన్ను పెడితే లోతు తక్కువున్న అంకెలు అరిగిపోతాయి.

టీ-34లకి ఇంకో తిరకాసు ఉంది. చాలా స్మారకాల మీదున్న టీ-34-85లు యుద్ధం చూసినవే కావు, 1950ల్లో పోలండ్‌లో చెకోస్లొవేకియాలో తయారైనవి. పోత గుర్తులు చూడకుండా "1945లో ఈ వీధిలో పోరాడింది" అని ఫలకం పెట్టడం నావరకైతే తప్పే.

కొత్తమెంబర్:
మరి టరెట్ ఒక బండిది, హల్ ఇంకో బండిది అయితే ఏం రాయాలి?

గొలుసుచక్రం:
అదే రాయాలి. వర్క్‌షాపుల్లో టరెట్లు మార్చడం మామూలే, అది సిగ్గుపడే విషయం కాదు.

ఉప్పుగాలి:
మీరంతా పైరంగు దగ్గరే ఆగిపోయారు, ట్యాంకు చచ్చేది లోపల్నుంచి. పైన పటారం లోన లొటారం అన్నట్టు ఉంటాయి సగం స్మారకాలు. పిల్లలు ఎక్కుతారని హ్యాచ్‌లు వెల్డింగ్ చేసి మూసేస్తారు, అయినా వానతో ఇంజను డెక్ జాలీల్లోంచి నీళ్ళు దిగుతాయి, బయటికి పోయే దారుండదు. షెర్మన్ ముందు కవచం 50 మిల్లీమీటర్ల పైనే, అది మన మనవల కాలానికీ ఉంటుంది, అడుగు పలక వెనక వైపు మాత్రం 13 మిల్లీమీటర్లే. అడుగున డ్రెయిన్ ప్లగ్గులు తీసేసి గాలి ఆడేలా జాలీ పెట్టడం ఏ రంగు కన్నా ముందు చెయ్యాల్సిన పని. పాత పెయింటులో సీసం, డయల్స్‌లో రేడియం, గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, కాబట్టి ఉత్సాహంతో వచ్చిన వాలంటీర్ల చేతికి గ్రైండర్లు ఇవ్వకండి దయచేసి.

ఇంగ్లండులో టోర్‌క్రాస్ బీచ్ దగ్గరున్న షెర్మన్ డీడీ (నీళ్ళ మీద తేలి ఒడ్డుకి వచ్చే రకం) నాకు బాగా దిగులు పెట్టే ట్యాంకు. 1944లో నార్మండీ దాడికి చేసిన రిహార్సల్ ల్యాండింగుల్లో మునిగి, 40 ఏళ్ళు సముద్రంలో ఉంది, 1984లో కెన్ స్మాల్ అనే ఆయన పట్టుబట్టి బయటికి లాగించాడు. అన్నేళ్ళు ఉప్పునీళ్ళలో నానిన ఇనుము లోపలికంటా క్లోరైడ్లు పట్టి ఉంటాయి, ఒడ్డుకి తెచ్చినా తుప్పు ఆగదు, మళ్ళీ నిలబెట్టింది సముద్రపు గాలిలోనే. నా మాట ఒక్కటే, లోపలికి చేర్చండి. ఫ్రాన్స్‌లో ఫ్లెస్కియేర్ దగ్గర 1917 నవంబర్ 20న దెబ్బతిన్న డెబొరా అనే బ్రిటిష్ ట్యాంకు, అదే డీ51, 1998లో తవ్వి తీశాక ఇప్పుడు కప్పు కింద మ్యూజియంలో ఉంది. ఆ షెల్ దెబ్బకి చిరిగిన ఇనుము తీసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, ఎవరూ అతుకు వెయ్యలేదు.

పూలదండ:
టోర్‌క్రాస్‌ని కదపమంటే మాత్రం గట్టిగా అడ్డం పడతా. 1944 ఏప్రిల్ 28న ఎక్సర్‌సైజ్ టైగర్ అనే రిహార్సల్‌లో జర్మన్ ఈ-బోట్లు (టార్పెడోలు వేసే వేగపు పడవలు) కాన్వాయ్ మీద పడితే 749 మంది అమెరికన్లు పోయారు. చాలా ఏళ్ళు దాని గురించి మాట్లాడినవాళ్ళే తక్కువ, ఆ బీచ్ దగ్గర నల్లగా నిలబడ్డ ట్యాంకు వల్లే ఎందరికో తెలిసింది. సముద్రం కనపడని గదిలో పెడితే అది ఉత్త షెర్మన్ అయిపోతుంది. లోపల పెట్టనక్కర్లేదు, పైన కప్పు వెయ్యండి. ఇంగ్లండులోనే ఆష్‌ఫర్డ్‌లో అదే చేశారు కదా. 1919లో బ్రిటన్ ఊళ్ళకి 260 పైచిలుకు ట్యాంకులు ఇస్తే దాదాపు అన్నీ తుక్కుకి పోయాయి, ఇచ్చిన చోటే మిగిలింది అక్కడి మార్క్ 4 ట్యాంకు ఒక్కటే, అదీ కడుపులో కరెంటు సబ్‌స్టేషన్ పెట్టారు కాబట్టి. ఇప్పుడు దాని మీద కప్పుంది, ఊరి మధ్యలోనే ఉంది.

ఉక్కుబండి:
కప్పుకి నేనూ సరే. కానీ రంగు విషయంలో తగ్గను, బెల్జియంలోని బాస్టోన్ చౌరస్తాలో ఉన్న ఎం4ఏ3ని చూసి చెప్తున్నా. దానికి పడ్డ బొక్కలు పూడ్చకుండా ఉంచారు, దాని పేరు బారకూడా అనీ, అమెరికా 11వ ఆర్మర్డ్ డివిజన్‌దనీ, 1944 డిసెంబర్ 30న దెబ్బతిందనీ తేల్చారు. పూలదండ గారూ, మీరన్న మనవడు అక్కడికొస్తే "ఇలాంటి దాంట్లో" అనక్కర్లేదు, "ఇందులోనే" అనొచ్చు. ఆ బొక్కలు చూడ్డానికి బాలేవని ఎవరైనా పలక అతికించి రంగేసి ఉంటే ఆ మాట అనగలిగేవాడా?

పూలదండ:
...ఆ ఒక్క మాటకి నా దగ్గర జవాబు లేదు. సరే, ఇంతకుముందు అన్నదాంట్లో ఒకటి మారుస్తా. రంగు వెయ్యొద్దని ఇప్పటికీ అనను, కానీ లగ్గుల మీద నంబరు చదివి, ఒక మూల అరచేయంత మేర పెయింటు పొర పొరా తీసి కింద ఏ గుర్తులున్నాయో ఫోటోలు తీసుకున్నాకే వెయ్యాలి. ఆ అరచేయంత చోటు మాత్రం మళ్ళీ కప్పకుండా వదిలెయ్యాలి, తర్వాత వచ్చేవాళ్ళు చూస్కోడానికి.