‘సోసిసోఁ సెక్’: ఎండబెట్టినదా, ఆరబెట్టినదా?

ప్రశ్న: ఫ్రెంచి వంటల అనువాదంలో ‘సోసిసోఁ సెక్’కు ‘ఎండు సాసేజీ’ అని రాయొచ్చా? రోజెత్, జెజూ లాంటి సాసేజీ రకాల పేర్లకు తెలుగు కావాలా?

జవాబు: ‘ఎండు’ వద్దండీ. ఎండు చేపకు ఎండ కావాలి, దీనికి ఎండ తగిలితే కొవ్వు కారిపోతుంది. ‘ఆరబెట్టిన సాసేజీ’ అనండి. మూడు, నాలుగు పాళ్లు పంది కండకు ఒక పాలు గట్టి వీపు కొవ్వు. కిలోకు 25–30 గ్రాముల ఉప్పు, మిరియాలు, కాస్త చక్కెర. మాంసం చెడకుండా వేసే సురేకారం మాత్రం తూచే వెయ్యాలి, ఉజ్జాయింపు పనికిరాదు. గాలి బుడగ మిగలకుండా పేగులో కూరి, రెండు మూడు రోజులు 20–24 డిగ్రీల దగ్గర వేలాడదీస్తే చక్కెర పులిసి కండ బిగుస్తుంది. తర్వాత 12–14 డిగ్రీలు, గాలిలో తేమ 75–80 శాతం. బరువులో దాదాపు మూడో వంతు తగ్గేదాకా ఆరాలి, మామూలు లావుకు నాలుగు వారాల పైమాటే. తొందరపడి పొడిగాలి పెడితే పైన పెచ్చు కట్టి లోపలి నీరు బయటికి రాదు. కోస్తే అంచున ముదురు వలయం, నడుమ మెత్తటి పచ్చి ముద్ద కనిపిస్తాయి. అది పారేయాల్సిందే.

మరొకరు: పైన పట్టే తెల్లటి బూజును అక్కడ ‘ఫ్లర్’, అంటే పువ్వు అంటారు. మనకు ‘పూత’ ఉండనే ఉంది, మామిడికీ గోడకీ కూడా. నల్లగా, పచ్చగా పడితే మాత్రం బూజనే రాయండి.

జవాబు: ‘పూత’ బాగుంది! ఇక పేర్లు అలాగే ఉంచండి. ఫ్రాన్సులోని లియాన్ నగరపు రోజెత్‌ను పెద్దపేగు చివరి భాగంలో కూరతారు, అందుకే పొడవుగా ఉండి ఒక కొస సన్నబడుతుంది. అక్కడి జెజూ బాగా లావు, తాడుతో అల్లి కడతారు, ఆరడానికి నెలలు పడుతుంది. కోసుకుని అలాగే తినేయొచ్చు. కానీ ‘జెజూ ద మోర్తో’ కనిపిస్తే ఆగండి. అది తూర్పు ఫ్రాన్సులోని ఫ్రాంష్ కోంతే ప్రాంతంలో పొగబెట్టిన పచ్చి సరుకు, కొసన చెక్క పుల్ల ఉంటుంది. పేగుకు చిల్లు పెట్టకుండా సన్నని సెగ మీద నీళ్లలో ఉడికించాలి. రెంటికీ ఒకే మాట వాడితే పాఠకుడు పచ్చిది తింటాడు.

ప్రశ్న: మరి ‘సోసిస్ సెష్’?

జవాబు: అదీ ఆరబెట్టినదే, కాకపోతే సన్నపేగులో కూరింది. కర్ర మీద మడిచి వేలాడదీస్తారు కనుక గుర్రపు లాడంలా వంగి ఉంటుంది. ‘సన్న సాసేజీ, ఆరబెట్టినది’ అంటే చాలు.