పాలకొల్లు, అమలాపురం, భీమవరం వైపు బేస్ వాయించేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఒకరోజు ఒకచోట కూర్చుందామా?

పాలకొల్లు_నాలుగుతీగలు

అందరికీ నమస్తే. నేను బేస్ గిటార్ (నాలుగు తీగలది, కింది స్వరాలు పలికేది) పట్టుకుని రెండేళ్లయింది. మా ఊళ్లో గిటార్ అంటే ఆరు తీగలదే, నా చేతిలో దాన్ని చూసి "రెండు తెగిపోయాయేంట్రా" అని అడిగినవాళ్లే ఎక్కువ. ఆర్కెస్ట్రాల్లో చూస్తే బేస్ పని కూడా కీబోర్డాయనే ఎడమ చేత్తో కానిచ్చేస్తున్నాడు. అంచేత నాకు ఎదురుగా కూర్చుని "ఇలా కాదు, ఇలా" అని చెప్పిన మనిషి ఇంతవరకూ లేడు, నేర్చుకున్నదంతా ఫోన్లో వీడియోలు చూసే.

నా దగ్గరున్నది యమహా టీఆర్‌బీఎక్స్ 174, సెకండ్ హ్యాండ్. చేత్తో పట్టి చూడకుండా ఫొటో చూసి కొన్నాను. యాంప్ (సౌండు పెంచే స్పీకరు పెట్టె) లేదు. మొన్నటిదాకా ఇంట్లో హోమ్ థియేటర్‌కి కలిపి వాయించేవాణ్ని, ఒకరోజు ఉత్సాహం ఎక్కువై కింది తీగ గట్టిగా లాగితే సబ్‌వూఫర్ (లావు సౌండ్ల స్పీకరు) కోను చిరిగింది. ఆ రోజు నుంచి మా నాన్న నాతో టీవీ రిమోట్ గురించి తప్ప మాట్లాడట్లేదు.

అడగాల్సింది ఏంటంటే, ఈ డెల్టాలో బేస్ వాయించేవాళ్లం ఒక పదిమందిమైనా ఉంటామా? ఉంటే ఎవరి సామాను వాళ్లు తెచ్చుకుని ఒక పూట కలుద్దామా? ఒకరిది ఒకరు పట్టుకుని చూడొచ్చు, కొనబోయేవాళ్లకి డబ్బులు కలిసొస్తాయి. ఎక్కడైతే అందరికీ వీలు? నిజమైన బేస్ యాంప్ ఎవరి దగ్గరైనా ఉందా? ఇంకోటి, వానలు మొదలయ్యాక నా బేస్ మూడో ఫ్రెట్ (తీగల కింద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర జుర్రుమంటోంది. ఇదేమన్నా పెద్ద రోగమా?

పాత_ఆర్కెస్ట్రా (అమలాపురం)

అబ్బాయ్, రోగం కాదు, వానాకాలం. చెక్క తేమ పీలుస్తుంది, నెక్ (ఎడమ చేత్తో పట్టుకునే పొడుగు మెడ) కదులుతుంది. మన కోనసీమలో తలుపులు బిగుసుకుపోయే రోజుల్లోనే గిటార్లూ మొండికేస్తాయి. ముందు చూడాల్సిందిది: మొదటి ఫ్రెట్ మీద ఒక వేలు, చివరి ఫ్రెట్ మీద ఇంకో చేతి వేలు పెట్టి లావు తీగని నొక్కు, మధ్యలో ఏడెనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ సందు ఉందో లేదో చూడు. ఒక విజిటింగ్ కార్డు దూరేంత ఉండాలి. అసలు సందే లేకపోతే నెక్ వెనక్కి వంగినట్టు, ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి దాని వంపు సరిచేసే కడ్డీ) కొంచెం వదులు చెయ్యాలి. పావు చుట్టు తిప్పు, ఆగు, మర్నాడు చూడు. ఒకేసారి బలంకొద్దీ తిప్పేశావంటే నీ సబ్‌వూఫర్ కథే మళ్లీ. భయమేస్తే ముట్టుకోకు, కలిసినప్పుడు నేను చూస్తాను.

ఇక కలవడం సంగతి. తప్పకుండా కలుద్దాం, కానీ ఆషాఢంలో పెట్టండి. పెళ్లిళ్లు ఉండవు, ఆర్కెస్ట్రా వాళ్లందరం ఇళ్లలో గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటాం. శ్రావణం వచ్చిందంటే మళ్లీ మమ్మల్ని పట్టుకోలేరు. చోటు అంటే రావులపాలెం. మా అమలాపురానికి రైలు లేదు కదా, కోటిపల్లి–నరసాపురం లైను ఎప్పుడొస్తుందో ఆ గోదారమ్మకే తెలియాలి. రావులపాలెం అయితే రాజమండ్రి, తణుకు, అమలాపురం ఎటు నుంచైనా బస్సు దొరుకుతుంది. అక్కడ మా బావమరిదికి అరటికాయల షెడ్డు ఉంది, ఆదివారం మధ్యాహ్నం ఖాళీగానే ఉంటుంది.

ఒకటే భయం. ఎగువన గట్టిగా పడి ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే లంకల వైపు వాళ్లని రమ్మనడం పద్ధతి కాదు. అందుకని ఆషాఢం మొదట్లోనే కానిద్దాం.

చర్చి_బేస్ (భీమవరం)

ఆదివారం పొద్దున్న మాత్రం వద్దండి, నాకు ఆరాధన ఉంటుంది. మధ్యాహ్నం రెండు తర్వాత అయితే వస్తాను. అసలు మన జిల్లాల్లో బేస్ గిటార్ ఇంకా బతికుందంటే సగం చర్చిల పుణ్యమేనని నా అభిప్రాయం, ప్రతి వారం వాయించక తప్పదు కాబట్టి.

నా దగ్గర 100 వాట్ల బేస్ యాంప్ ఉంది, 12 అంగుళాల స్పీకరు. బైక్ మీద రాదు, ఆటో మాట్లాడుకుని తెస్తాను, ఛార్జీ అందరూ తలా కొంత వేసుకోండి. పాలకొల్లు తమ్ముడూ, హోమ్ థియేటర్ ఎందుకు పోయిందో తెలుసా? మన అన్నిటికంటే కింది స్వరం తీగ, అంటే 'E' తీగ, సెకనుకు 41 సార్లు ఊగుతుంది, ఐదు తీగల బేస్‌లో 'B' తీగ అయితే 31. అంత కింది స్వరం వినపడాలంటే కోను ముందుకీ వెనక్కీ చాలా దూరం కదలాలి. సినిమా సౌండ్‌ని ముందే అణిచిపెట్టి పంపుతారు, మన వేలు అలా కాదు కదా, ఒక్కసారిగా తంతుంది. లీడ్ గిటార్ యాంప్‌లో బేస్ పెట్టినా ఇదే గొడవ. మెల్లగా అయితే ఫర్వాలేదు, డ్రమ్స్ పక్కన వినపడాలని పెంచితే ఆ స్పీకరు ఆయుష్షు అయిపోయినట్టే. ప్రస్తుతానికి జాక్‌లో పెట్టుకునే చిన్న హెడ్‌ఫోన్ యాంప్ ఒకటి కొనుక్కో. మీ నాన్నగారు కూడా మాట్లాడతారు.

గోదావరి_గట్టు (రాజమండ్రి)

వచ్చి చూస్తాను కానీ ఒకరి సామాను ఒకరు పట్టుకుని చూడటం అరువిచ్చుకోవడం దాకా వెళ్తే, దాంట్లో నాకు చేదు అనుభవం ఉంది, చెప్పి తీరాలి. మూడేళ్ల కింద ఒకతనికి నా కంప్రెసర్ పెడల్ (సౌండు హెచ్చుతగ్గుల్ని సమం చేసే చిన్న పెట్టె) వారం రోజులకని ఇచ్చాను. నాలుగు నెలలకి తిరిగొచ్చింది. 9 వోల్టుల బ్యాటరీ లోపలే కారిపోయి, క్లిప్పులు పచ్చగా తుప్పు పట్టి ఉన్నాయి. "ఏమో అన్నా, నువ్విచ్చినప్పుడే అలా ఉంది" అన్నాడు. డబ్బు పోయినా బాధపడను, ఆ మాటకి మండింది.

అంచేత ఇచ్చేవాళ్లు ఇవ్వండి, కానీ ఒక నోటుబుక్కు పెట్టండి. వస్తువు పేరు, సీరియల్ నంబరు, ఇచ్చిన తేదీ, తెచ్చే తేదీ, ఇద్దరి సంతకాలు. ఇచ్చేముందు నాలుగు వైపులా ఫొటోలు. స్నేహంలో ఇవన్నీ ఏంటి అనేవాడికి అసలు ఇవ్వకండి. బ్యాటరీ ఉన్న ప్రతి వస్తువులోంచీ బ్యాటరీ తీసి ఇవ్వండి. యాక్టివ్ బేస్‌లకి (లోపల బ్యాటరీతో పనిచేసేవాటికి) కూడా చెబుతున్నా, చాలావాటిలో కేబుల్ గుచ్చి వదిలేస్తే, వాయించకపోయినా బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. వాయించడం అవగానే జాక్ పీకెయ్యండి.

ఐదోతీగ (కాకినాడ)

నేనూ వస్తాను, కానీ ఒక షరతు. ఇంతకుముందు వేరే ఊళ్లో ఇలాంటి దానికే వెళ్లాను. ఐదు గంటలు కూర్చుంటే నాలుగు గంటలు ధరల ముచ్చటే, మిగిలిన గంట అందరూ ఒకేసారి స్లాప్ (బొటనవేలితో తీగని టపటపా కొట్టడం) కొట్టడం. ఎవరి సౌండు ఎవరిదో తెలియలేదు. నా భుజాన బేస్ ఉండగానే ఒకాయన "మీ తమ్ముడు రాలేదాండీ?" అని అడిగాడు. నాకు తమ్ముడు లేడు.

కాబట్టి ఒకరు వాయిస్తున్నప్పుడు మిగతావాళ్లు జాక్ పీకి కూర్చోవాలి. తలా పది నిమిషాలు. ఒకే పాట ముక్క, ఒకే యాంప్, నాబ్‌లు కదపకూడదు, బేస్‌లు మాత్రం మారాలి. అప్పుడే తేడా చెవికి తెలుస్తుంది. ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేస్ 1951లో వచ్చింది, వాళ్లదే జాజ్ బేస్ 1960లో, ఇప్పటికీ మనం కొనే వాటిలో చాలా వరకు ఈ రెండిట్లో దేనికో ఒకదానికి పిల్లలే. రెండూ 34 అంగుళాల స్కేలే, అంటే తీగ మోగే పొడవు. కానీ నట్ (నెక్ పైచివర తీగలు ఆనే ముక్క) దగ్గర జాజ్ నెక్ వెడల్పు 38 మిల్లీమీటర్లు, ప్రెసిషన్ 41 నుంచి 44 దాకా ఉంటుంది. కాయితం మీద ఇదో లెక్కా అనిపిస్తుంది. నా చేతికి మాత్రం సన్న నెక్ అయితే గంట వాయించగలను, లావుదైతే అరగంటకే బొటనవేలి కింద పట్టేస్తుంది. ఇది ఏ వీడియోలోనూ కనపడదు.

మా సముద్రపు గాలికి తీగలు మూడు నెలలకే మొద్దుబారిపోతాయి. కొత్త సెట్టు కొనలేనప్పుడు పాతవి విప్పి నీళ్లలో పది నిమిషాలు మరిగించి, బాగా ఆరబెట్టి మళ్లీ ఎక్కిస్తాను. కొన్నాళ్లు కొత్తవాటిలా మోగుతాయి, తర్వాత మామూలే. గిన్నె మాత్రం వేరేది పెట్టుకోండి. పులుసు గిన్నెలో చేసినందుకు మా అత్తగారు ఇప్పటికీ చుట్టాలకి చెబుతుంటారు.

పాత_ఆర్కెస్ట్రా (అమలాపురం)

అమ్మా, నీ షరతు బాగుంది, అలాగే చేద్దాం. తీగలు మరీ కొత్తగా ఉండాలని కూడా లేదు. అమెరికాలో జేమ్స్ జేమర్‌సన్ అనే మహా బేస్ వాద్యకారుడు తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదని చెబుతారు. ఆయనవి ఫ్లాట్‌వౌండ్‌లు (నున్నగా చుట్టిన తీగలు) అనుకో, మనవి రౌండ్‌వౌండ్‌లు (గరుకుగా చుట్టినవి), మనం ఆయనలా వదిలేస్తే తుప్పే మిగులుతుంది.

ఇంకో మాట, ఎవరూ మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను కోసి తేవద్దు. జాతర స్టేజీల మీద చూశాను, చేతిలో తీగలు, మైకుకి పెదవి తగిలిందంటే పళ్లు జిల్లుమంటాయి. ఒకసారి మా సింగరు పల్లవి మధ్యలో "అమ్మో" అంటే జనం అది పాటలోదే అనుకుని చప్పట్లు కొట్టారు. మా బావమరిది ఎలక్ట్రీషియన్ని పిలిచి షెడ్డులో వైరింగు చూపిస్తానన్నాడు.

పాలకొల్లు_నాలుగుతీగలు

అందరికీ థాంక్స్ అండి. ఆదివారం రెండున్నరకి, రావులపాలెం. నోటుబుక్కు నేను తెస్తాను. టిఫిన్ సంగతి అక్కడే చూసుకుందాం.

పాలకొల్లు_నాలుగుతీగలు

రాలేకపోయినవాళ్లు అడుగుతున్నారు కాబట్టి ఏం జరిగిందో రాస్తున్నాను. ఏడుగురం వచ్చాం, బేస్‌లు తొమ్మిది. వెళ్లేసరికి ఎలక్ట్రీషియన్ ఫేజుకీ ఎర్తుకీ మధ్య బల్బు పెట్టి చూస్తున్నాడు, వెలగట్లేదు. అంటే షెడ్డులో ఎర్త్ లేదు. పక్కనున్న మోటారు బోర్డు దగ్గర బల్బు వెలిగింది, అక్కణ్నుంచి మంచి కేబుల్ లాగాడు. గంట పోయింది కానీ తర్వాత యాంప్‌లో గుర్రుమనే సౌండు లేదు.

అసలు తమాషా తర్వాత మొదలైంది. భీమవరం అన్న 'E' తీగని ఏ ఫ్రెట్టూ నొక్కకుండా ఒక్కసారి మీటగానే పైన రేకులు గడగడలాడాయి. మిగతా తీగలు ఏవి మీటినా ఏమీ లేదు, ఆ ఒక్క స్వరానికే రేకులు తాళం వేస్తున్నాయి. మూల అరటిగెలల పక్కన పడుకున్న కుక్క లేచి రోడ్డు మీదికి పోయింది. యాంప్ కింద గోనెసంచులు మడిచి పెట్టాం, గోడకి దూరంగా జరిపాం, బేస్ నాబ్ కొంచెం తగ్గించాం, అప్పటికి కాస్త సర్దుకుంది. నాకు మాత్రం రెండేళ్లుగా హెడ్‌ఫోన్లలో, ఆ చిరిగిన సబ్‌వూఫర్‌లో విన్న స్వరం మొదటిసారి నేల మీంచి కాళ్లలోకి వచ్చింది. ఇంతకంటే ఎలా చెప్పాలో తెలియట్లేదు.

కాకినాడ అక్క చెప్పినట్టే ఒక్కొక్కరం వాయించాం. ఎనభైల నాటి సినిమా పాటల్లోని బేస్ ముక్క ఒకటి అందరం అదే వాయించాం. పాత ఆర్కెస్ట్రా బాబాయ్ నా 14 వేల రూపాయల బేస్ మీద వాయిస్తే, నేను ఆయన ఖరీదైన దాని మీద వాయించినదానికంటే బాగుంది. సిగ్గేసింది, బేస్ మార్చాలన్న ఆలోచన మానుకున్నాను. నా నెక్ ఆయన పావు చుట్టు వదులు చేశాడు, జుర్రు పోయింది. నోటుబుక్కులో మూడు పద్దులు పడ్డాయి, రాజమండ్రి అన్న కంప్రెసర్ నాకే ఇచ్చాడు, పదిహేను రోజులు, బ్యాటరీ తీసి. నా చేత రెండుసార్లు సంతకం పెట్టించుకున్నాడు.

ఇంటికొచ్చి చూస్తే నా గిగ్ బ్యాగ్ (బేస్ పెట్టుకునే సంచి) జేబులో ఒక ఆలెన్ కీ (ట్రస్ రాడ్ తిప్పేది), నాలుగు చక్కెరకేళీలు ఉన్నాయి. అరటిపళ్లు తినేశాను. ఆలెన్ కీ ఎవరిదండీ?

పాత_ఆర్కెస్ట్రా (అమలాపురం)

రెండూ నేనే పెట్టాను. కీ ఉంచుకో. వానలు తగ్గాక నెక్ మళ్లీ కదులుతుంది, అప్పుడు నువ్వే తిప్పుకోవాలి, పావు చుట్టే.