సమస్య: "గుండె లేని డప్పు గుండె దోచె"

నిర్వాహకుడు: నిన్న రాత్రి అమెరికన్ గాయకుడు మార్విన్ గే 1982 పాట 'సెక్సువల్ హీలింగ్' వింటూంటే ఈ పాదం తట్టింది. (పేరు చూసి కంగారు పడకండి, పద్యాలు మర్యాదగానే ఉండాలి.) 1971లో మోటౌన్ రికార్డు కంపెనీలో వయొలిన్ల బృందంతో, కాంగా డప్పులతో పాడిన మనిషి. పన్ను బాకీలు నెత్తిమీద పెట్టుకుని బెల్జియం సముద్రపు ఒడ్డున ఓస్టెండ్ ఊరికి చేరి, కంపెనీ మారి, జపాన్ వాళ్ల రోలాండ్ 808 డ్రమ్ మెషీన్‌తో (మీట నొక్కితే డప్పు మోత వినిపించే పెట్టె) తిరిగొచ్చాడు. ఇదే నాలుగో పాదంగా పై మూడూ మీరు కట్టాలి. ఇక కానివ్వండి.

కొల్లేటి కొంగ:
ఊరు వీడి వచ్చి యోస్టెండు చేరిన
పాటగాడు మరల పాట కట్టె
మీట నొక్కినంత మేలుగా మ్రోగెడు
గుండె లేని డప్పు గుండె దోచె

వేపపుల్ల: కొంగగారూ, నడక బావుంది. "మేలుగా" మాత్రం యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత అక్షరం) కోసం పిలవని పేరంటం. మీట నొక్కితే కీడుగా మోగుతుందా? వెనకటి సమస్య "చేప చెట్టు నెక్కి చిలుక లయ్యె"కి కూడా ఇలాగే "వేడ్కగా" అని తగిలించారు.

కొల్లేటి కొంగ: గుర్తుంది. ఆ సమస్యకి మీ పూరణ ఇంకా రాలేదన్న సంగతీ గుర్తుంది.

వేపపుల్ల: ఇదిగో, వడ్డీతో సహా.
తోలు లేదు కర్ర తోడుగా లేదయ్య
మిద్దె మీద మీట మీటినాడు
గొంతు విప్పి పాడ గొంతులో నున్నది
గుండె, లేని డప్పు గుండె దోచె

గోదారి అత్త: అబ్బ! "గుండె" దగ్గర ఆగి చదవండి. ఉన్న గుండె గొంతులో, లేని డప్పు పెట్టెలో! ఇది ఉత్త మాటల గారడీ కూడా కాదు. 808లో రికార్డు చేసిన డప్పు ఒక్కటీ లేదు, చప్పుడంతా సర్క్యూట్లే పుట్టిస్తాయి. అదే కాలపు లిన్ డ్రమ్ మెషీన్లలో అసలు డ్రమ్ముల మోత రికార్డు చేసి పెట్టారు. ఆ పెట్టె అయితే ఈ విరుపు చెల్లేది కాదు.

కొల్లేటి కొంగ: విరుపు సరే, కర్త ఏడీ? మిద్దె మీద మీటింది మార్వినా, మీ మేనల్లుడా?

వేపపుల్ల: పైన నిర్వాహకుడుగారు పేరు రాశారుగా.

కొల్లేటి కొంగ: అవధానంలో ఇలా అని చూడండి, ప్రశ్న అడిగిన పృచ్ఛకుడు లేచి వెళ్లిపోతాడు.

నల్గొండ పోరడు: నాదీ ఒకటి చూడుండ్రి.
పాత జట్టు వీడి పరదేశమేగిన
మార్విను కథ వినిన మనసు కరగు
జపాను పెట్టెలోన జనియించు చప్పుడే
గుండె లేని డప్పు గుండె దోచె

వేపపుల్ల: మూడో పాదం మొదట్లోనే జగణమా! "జపాను"లో నడుమ అక్షరం దీర్ఘం, అది అక్కడ చెల్లదు.

గోదారి అత్త: కుర్రాణ్ణి బెదరగొట్టకండి. బాబూ, "చిన్న పెట్టెలోన చిటికెల చప్పుడే" అను, సరిపోతుంది.

వేపపుల్ల: అత్తగారూ, ఆ పాటలో మోగేవి చిటికెలు కావు, చప్పట్లు.

కొల్లేటి కొంగ: చప్పట్లకి యతి మీరు కుదర్చండి చూద్దాం. నాకైతే ఈ రెండో పాదం మీ విరుపు కన్నా నచ్చింది. ఆ పాట అమెరికాలో ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) పాటల చార్టులో పది వారాలు మొదటి స్థానంలో ఉంది, 1983లో అతనికి మొదటి గ్రామీ సంగీత అవార్డులు తెచ్చింది. మరుసటేడు ఏప్రిల్ 1న కన్నతండ్రే కాల్చి చంపాడు. కరగదూ మరి?

నల్గొండ పోరడు: థాంక్స్ అన్నా. అత్తా, జపాన్ తీసేస్తే మజా పోతది. "జపను" అని కుదిస్తే నడుస్తదా?

వేపపుల్ల: భేషుగ్గా. నిఘంటువు కూడా మీరే అచ్చేయించండి.