ఎఫ్‌టీఎల్‌కు బయటున్న కాలనీలోకి చెరువు నీళ్లు ఎలా వస్తాయి?

కాలనీ_కార్యదర్శి:
హైదరాబాద్ శివార్లు పంచాయతీలుగా ఉన్న రోజుల్లో వేసిన లేఅవుట్లలో ఒకదాని గురించి అడుగుతున్నాను. పక్కనే చెరువు ఉంది. హద్దుల పటం ప్రకారం కాలనీ ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) గీతకు 50 మీటర్ల అవతల ఉంది, బఫర్ (ఆ గీత చుట్టూ కట్టడాలు కూడని పట్టీ) కూడా దాటేసింది. అయినా గట్టి వాన పడితే రెండు వీధుల్లో మోకాలి లోతు నీళ్లు నిలుస్తున్నాయి. పటం తప్పా, లేక ఇంకేదైనా కారణం ఉందా? అసలు చెరువు, నాలా ఎక్కడున్నాయో తేలాలంటే ఏ కాగితాలు చూడాలి? అర్జీ ఎవరికి పెట్టాలి? ఒక్కో ఆఫీసూ ఇంకో ఆఫీసును చూపిస్తోంది.

మత్తడి_లెక్క:
ముందు కాలనీ ఎటువైపు ఉందో చూడండి: కట్టకు కిందనా, నీళ్లు నిలిచే వైపా? రెండింటికీ కారణాలు వేరు.

నీళ్లు నిలిచే వైపు ఉంటే పటం సరైనదే అయినా కాలనీ మునగొచ్చు. ఎఫ్‌టీఎల్ అంటే మత్తడి (మిగులు నీళ్లు బయటికి పొర్లే అలుగు) పైఅంచు మట్టం. అంతవరకు నిండాకే చెరువు మత్తడి దూకుతుంది. వరద బయటికి పోవాలంటే నీళ్లు ఆ అంచు మీద మరికొంత ఎత్తున పారాలి. ఆ ఎత్తును కూడా కలిపితే గరిష్ఠ నీటిమట్టం. పటంలో గీసేది మొదటి మట్టం, ఇంట్లోకి వచ్చేది రెండోది.

లెక్క చూడండి. మత్తడి మీంచి సెకనుకు పోయే ఘనపు మీటర్ల నీరు సుమారుగా 1.7 × మత్తడి పొడవు × ఎత్తు, ఈ ఎత్తుకు 1.5 ఘాతం వేయాలి. 20 మీటర్ల మత్తడి మీద 60 సెంటీమీటర్ల ఎత్తున పారితే దాదాపు 16 ఘనపు మీటర్లు పోతాయి. నేల వాలు 200కు 1 ఉన్న చోట ఆ 60 సెంటీమీటర్లకే నీళ్లు ఎఫ్‌టీఎల్ గీత దాటి 120 మీటర్లు పాకుతాయి. చెరువు కట్టిన నాడు అక్కడ పొలాలుండేవి. ఒకటి రెండు రోజులు నీళ్లు నిలిస్తే రైతు ఓర్చుకునేవాడు, ఇప్పుడు అక్కడ పడకగదులున్నాయి.

ఇక మత్తడికి అడ్డంగా గోడో, మట్టి దిబ్బో వచ్చి పొడవు సగమైందనుకోండి. అదే వరద పోవడానికి ఎత్తు 60 నుంచి 95 సెంటీమీటర్లకు పెరగాలి. అంటే అదే వాలు మీద ఇంకో 70 మీటర్లు లోపలికి. చెరువు కొంత వరదను తనలో ఆపుకుంటుంది కాబట్టి నిజంలో కాస్త తగ్గుతుంది, కానీ పోకడ ఇదే. అందుకే చెరువు ఎక్కడ ఆక్రమణకు గురైందని వెతికే ముందు మత్తడి దగ్గరికి వెళ్లి టేపు పట్టి కొలవండి.

దీనికి పూర్తిగా ఉల్టా పని కూడా జరుగుతుంది. మత్తడి అంచు కొట్టేసి మట్టం దించితే చెరువు కుంచించుకుపోయి భూమి తేలుతుంది. ఆ తర్వాత సర్వే చేస్తే ఎఫ్‌టీఎల్ కూడా కిందికే వస్తుంది. కాబట్టి నేడున్న అంచుతో సరిపెట్టుకోకుండా, నీటిపారుదల శాఖ పాత రికార్డులో ఉన్న మత్తడి మట్టంతో పోల్చాలి.

కట్టకు కింద ఉంటే అనుమానించాల్సింది మత్తడి దూకిన నీళ్లు పోయే వాగును. 3 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల లోతున్న వాగుకు 4.5 చదరపు మీటర్ల దారి ఉంటుంది. రోడ్డు వేసేటప్పుడు దాని స్థానంలో 900 మిల్లీమీటర్ల పైపులు రెండు పెడితే మిగిలేది దాదాపు 1.27 చదరపు మీటర్లే. దానికి ముందు ప్లాట్ల వరస చెడకుండా వాగును లంబకోణంలో తిప్పి ఉంటే చెత్తంతా ఆ మూలనే పేరుకుంటుంది. మురుగు పైపును నాలాకు అడ్డంగా వేసి ఉన్నా అంతే.

పైనున్న నేల మారిన సంగతీ మరవద్దు. 50 హెక్టార్ల మీద గంటకు 60 మిల్లీమీటర్ల వాన కురిస్తే, పొలాలున్నప్పుడు పారుదల గుణకం (పడిన వానలో ఇంకకుండా పారే వంతు) 0.3 వేసుకుంటే సెకనుకు 2.5 ఘనపు మీటర్లు వచ్చేవి. కాంక్రీటు పరిచాక 0.8 వేసుకుంటే 6.7 వస్తాయి. పాత కొలతల నాలా చెక్కుచెదరకుండా ఉన్నా చాలదు.

పాత_నక్షా:
పై లెక్కకు ఈ ఊరి చరిత్రే సాక్ష్యం. 1908 సెప్టెంబరు 28 మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన ఇంజినీరు విశ్వేశ్వరయ్య నదిని ఒక్కదాన్నే చూడలేదు. పరీవాహకంలో 788 చెరువులుంటే 221 తెగాయని లెక్క తేల్చారు. పై చెరువు తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి, అదీ తెగుతుంది. ఆయన సూచన మీదే ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు రోడ్లు వెడల్పు చేసి, ఇరుకు బస్తీలను తీసి కొత్త ఇళ్లు కట్టించింది. ఆ శ్రద్ధంతా అప్పటి నగరానికే దక్కింది. బయటి ఊళ్ల గొలుసు చెరువులు సాగునీటి చెరువులుగానే మిగిలాయి, వాటి మధ్య కాలువల మీదే తర్వాత లేఅవుట్లు పడ్డాయి. 2007లో 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసి జీహెచ్ఎంసీ అయ్యేసరికి ఇళ్లు కట్టేసి ఉన్నాయి. 2020 అక్టోబరు వానలకు పల్లె చెరువు, అప్ప చెరువు, గుర్రం చెరువు తెగినప్పుడు కనబడింది ఆ పాత గొలుసే.

కాగితాల్లో మొదట గ్రామ నక్షా తీసుకోండి. అందులో చెరువు, వాగు, బండ్లబాట విడిగా గీసి ఉంటాయి. దాన్ని లేఅవుట్ ప్లాను మీద పెట్టి చూస్తే నాలా ఏ ప్లాట్ల కింద మాయమైందో తెలిసిపోతుంది. తర్వాత సేత్వార్ (తొలి సర్వే నాటి భూముల రిజిస్టరు), 1954-55 ఖాస్రా పహాణీ (సర్వే నంబర్ల వారీగా భూమి ఎవరిదో రాసిన రికార్డు). మీ సర్వే నంబరు ఎదురుగా శిఖం అని ఉంటే అది చెరువు గర్భం. పట్టా శిఖం అన్న మాట చూసి చాలామంది ధైర్యపడతారు. నీళ్లు తగ్గాక సాగు చేసుకునే హక్కు వేరు, ఇల్లు కట్టుకునే హక్కు వేరు.

గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు కూడా తిరగేయండి. వేసవి చిత్రం నమ్మొద్దు, వానలు ముగిసిన నెలలది చూడండి.

కాలనీ_కార్యదర్శి:
కాలనీ నీళ్లు నిలిచే వైపే ఉంది. మత్తడి పక్కన కొత్త ప్రహరీ కూడా కనిపిస్తోంది. ఇంకొకటి: ఏ చెరువుకైనా బఫర్ 30 మీటర్లేనా? 111 జీవో ఇక్కడ వర్తిస్తుందా?

ఫైలు_నంబరు:
అన్నిటికీ 30 కాదు. 2012 నాటి 168 జీవో ప్రకారం 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు. అంతకు చిన్న చెరువులు, కుంటలు, శిఖం భూములకు 9 మీటర్లు. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9, లోపైతే 2 మీటర్లు. కొలత మొదలయ్యేది హద్దు నుంచి, వాగు నడిమధ్య నుంచి కాదు. 1996లో వచ్చిన 111 జీవో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరీవాహకంలోని 84 గ్రామాలకు సంబంధించింది, దాన్ని ప్రతి చెరువుకూ లాగొద్దు.

ఆఫీసుల సంగతి: కట్ట, తూము, మత్తడి విషయం నీటిపారుదల శాఖది. భూమి ఎవరిదన్నది రెవెన్యూది. చెరువు హద్దు నోటిఫికేషన్ హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) చెరువుల రక్షణ కమిటీది. వాన నీటి నాలా మున్సిపల్ కార్పొరేషన్‌ది, మురుగు లైను జలమండలిది. ఆక్రమణ తొలగింపునకు 2024 జులైలో హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ వచ్చింది.

"కాలనీ మునుగుతోంది, చర్య తీసుకోండి" అని రాస్తే ఆ అర్జీ ఆఫీసుల మధ్యే తిరుగుతుంది. ముందు నీటిపారుదల శాఖకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టి నాలుగు అడగండి: రికార్డులో మత్తడి పొడవు ఎంత, పైఅంచు మట్టం సముద్రమట్టానికి ఎన్ని మీటర్లు, గరిష్ఠ నీటిమట్టం ఎంత, సర్వే నంబర్లతో ఉన్న ఎఫ్‌టీఎల్ పటం నకలు. హెచ్ఎండీఏను వేరుగా ఒక్కటే అడగండి: ఈ చెరువుకు ఇచ్చింది ప్రాథమిక నోటిఫికేషనా, తుది నోటిఫికేషనా? ప్రాథమికమే అయితే మట్టం తప్పని అభ్యంతరం ఇప్పుడే రాతపూర్వకంగా పెట్టాలి.

జవాబుకు 30 రోజుల గడువుంది. ఈలోగా మత్తడిని, ప్రహరీ ఆక్రమించిన పొడవును కొలిచి, టేపు కనిపించేలా తేదీతో ఫొటోలు తీసి ఉంచండి. రికార్డులో 20 మీటర్లు, నేల మీద 11 మీటర్లు అని రెండు అంకెలు పక్కపక్కన పెట్టి అర్జీ రాస్తే అది మా పరిధి కాదనడానికి ఇంజినీరుకు వీలుండదు.